డయాలిసిస్ రోగులు – కాలి ధమనుల ఆరోగ్యం

మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన రోగికి ఒకనాడు మరణం తప్ప వేరొక మార్గం ఉండేది కాదు. నేడు వారానికి రెండు లేక మూడు పర్యాయాలు యంత్రం ప్రక్కన పడుకొని, రక్తాన్ని శుద్ధి చేయించుకొని, ఏళ్ల తరబడి జీవిస్తున్నవారు మన బంధువర్గంలోనే, మన వీధిలోనే కనిపిస్తున్నారు. డయాలిసిస్ అనే ఈ చికిత్స ఇప్పుడు జిల్లా ఆస్పత్రులకు సైతం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం వలనను, 2016లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన జాతీయ డయాలిసిస్ కార్యక్రమం వలనను పేద కుటుంబాలకు కూడా ఇది కొంతవరకు అందుబాటులోకి వచ్చింది.

ఇది వైద్యశాస్త్రం సాధించిన గొప్ప విజయమే. అయితే ప్రాణం నిలిచిన తరువాత ఆ జీవితం ఏ విధంగా గడుస్తున్నది అనే ప్రశ్న మిగిలే ఉన్నది. రోగి తన కాళ్లమీద తాను నడిచి మసీదుకో, గుడికో, అంగడికో వెళ్లగలుగుతున్నాడా? ఎవరి భుజమూ పట్టుకొనకుండా బస్సు ఎక్కగలుగుతున్నాడా? రాత్రి కాళ్ల నొప్పి లేకుండా నిద్రించగలుగుతున్నాడా? ఈ ప్రశ్నలకు సమాధానం చాలవరకు కాలి ధమనుల ఆరోగ్యంపై ఆధారపడి ఉన్నది. మూత్రపిండాలను గూర్చి శ్రద్ధ వహించే కుటుంబాలు కూడా రోగి పాదాల వంక చూడడం అరుదు. ఆ అశ్రద్ధకు మూల్యం కొన్ని సందర్భాలలో ఒక వేలు, కొన్ని సందర్భాలలో ఒక కాలు. కావున ఈ విషయాన్ని విద్యార్థులకు తెలిసేటట్లు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రక్తశుద్ధి విధానం

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో లీటరున్నర లేక రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా విసర్జించి, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి చేర్చుతాయి. రేయింబవళ్లు సాగే ఈ పనిని మనిషి చేసిన యంత్రం వారానికి కొన్ని గంటలలో చేయవలసి ఉన్నది. పలుచని పొర గుండా చిన్న అణువులు దాటిపోవడం, పెద్ద అణువులు నిలిచిపోవడం అనే సూత్రాన్ని గ్రహించి, దానికి 1861లో డయాలిసిస్ అని పేరు పెట్టినవాడు స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం.

ఆ సూత్రాన్ని మానవ చికిత్సకు ఉపయోగించినవాడు డచ్చి వైద్యుడు విలెం కోల్ఫ్. జర్మన్ సైన్యాల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ పట్టణంలో 1943లో ఆయన సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పే యంత్రాన్ని నిర్మించాడు. తొలి రోగులలో దాదాపు అందరూ మరణించినా ఆయన నిరాశ చెందలేదు. 1945లో ఒక వృద్ధురాలు ఆ యంత్రం వలన కోలుకొన్నది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టాన్ని ప్రవేశపెట్టడంతో, ఒకే రోగికి మళ్లీ మళ్లీ ఏళ్ల తరబడి చికిత్స చేయడం సాధ్యమయింది. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెసియా, సిమినో, వారి సహచరులు చేతిలోని ధమనిని సిరతో కలిపి కుట్టే ఫిస్చులా పద్ధతిని ప్రకటించారు. నేటికీ డయాలిసిస్ రోగుల ముంజేతి మీద ఉబ్బి కనిపించే రక్తనాళం ఇదే.

ఈ విధంగా యంత్రం స్థిరపడినది. రోగులు ఐదేళ్లు, పదేళ్లు, అంతకు మించి జీవించసాగారు. అప్పుడే రక్తనాళాలకు సంబంధించిన సమస్యలు స్పష్టంగా బయటపడ్డాయి.

పరిధీయ ధమనులు అనగా నేమి?

గుండె నుండి శరీర భాగాలకు రక్తాన్ని తీసికొనిపోయే నాళాలు ధమనులు. గుండెకు, మెదడుకు దూరంగా, కాళ్లకు చేతులకు రక్తాన్ని చేర్చేవాటిని పరిధీయ ధమనులు అంటారు. పొత్తికడుపు నుండి తొడలోకి, తొడ నుండి మోకాలి వెనుకకు, అక్కడ నుండి మూడు శాఖలై పిక్కలోకి, పాదంలోకి ఇవి దిగుతాయి. కాలువ చివరి చేనుకు నీరు అందడం ఎట్లు కష్టమో, కాలివేళ్లకు రక్తం అందడం కూడా అట్లే. పై కాలువ పూడితే ముందుగా ఎండేది చివరి చేనే.

ఈ ధమనులు సన్నబడడాన్ని పరిధీయ ధమనుల వ్యాధి అంటారు. దాని తొలి లక్షణం నడక నొప్పి. కొంత దూరం నడువగానే పిక్కలు పట్టివేసినట్లు నొప్పి కలుగుతుంది. నిలబడితే కొద్ది నిమిషాలలో తగ్గుతుంది. మళ్లీ నడిస్తే మళ్లీ అంత దూరానికే వస్తుంది. వ్యాధి ముదిరితే నడువకున్నను, పడుకొన్నప్పుడు సైతం పాదంలో నొప్పి పుడుతుంది. రోగి మంచం మీద నుండి కాలు క్రిందికి వ్రేలాడవేస్తే ఉపశమనం పొందుతాడు. ఏలయనగా అప్పుడు భూమ్యాకర్షణ వలన కొంత రక్తం పాదానికి దిగుతుంది. చివరి దశలో చిన్న గాయం కూడా మానదు. వేలు నల్లబడి, కుళ్లి, గ్యాంగ్రీన్‌గా మారుతుంది.

డయాలిసిస్ రోగులకు ముప్పు ఎందుకు అధికం?

పొగత్రాగడం, మధుమేహం, అధిక రక్తపుపోటు, రక్తంలో కొవ్వు, వృద్ధాప్యం – ఈ ఐదూ ఎవరి ధమనులకైనా శత్రువులే. మూత్రపిండాలు చెడడానికి కారణమయ్యే వాటిలో మధుమేహం, రక్తపుపోటు ప్రధానమైనవి. అనగా రోగి డయాలిసిస్ బల్ల మీదికి చేరేనాటికే అతని ధమనులు చాలవరకు దెబ్బతిని ఉంటాయి. దీనికి తోడు మూత్రపిండాల వైఫల్యం తనకు తానుగా మరొక హాని చేస్తుంది.

మనం తిన్న ఆహారంలోని భాస్వరాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపడం మూత్రపిండాల పని. అవి పని మానినప్పుడు భాస్వరం రక్తంలో పేరుకొంటుంది. నాలుగు గంటల డయాలిసిస్ దానిని పూర్తిగా తీసివేయలేదు. ఈ అధిక భాస్వరం ప్రభావంతో ధమని గోడలోని మెత్తని కండర కణాలు తమ సహజ స్వభావాన్ని విడిచి ఎముక కణాల వలె ప్రవర్తించడం మొదలుపెడతాయి. ధమని మధ్య పొరలో కాల్షియం పేరుకొని, రబ్బరు గొట్టం వలె సాగవలసిన నాళం గట్టి గొట్టంగా మారుతుంది. ధమని మధ్యపొర గట్టిపడే ఈ మార్పును 1903లో జర్మన్ వైద్యుడు మాంకెబర్గ్ వర్ణించాడు. సామాన్యులలో కొవ్వు ధమని లోపలి పొరలో పేరుకొని దారిని మూసివేస్తుంది. డయాలిసిస్ రోగిలో ఈ రెండు మార్పులూ ఒకేచోట జరుగుతాయి. అందులోను మోకాలి క్రింది సన్నని ధమనులకు దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

చికిత్స జరిగే సమయంలో మరొక ఇబ్బంది కలదు. రెండు చికిత్సల మధ్య శరీరంలో చేరిన రెండు మూడు లీటర్ల నీటిని యంత్రం నాలుగు గంటలలో లాగివేస్తుంది. అప్పుడు రక్తపుపోటు పడిపోవచ్చును. అసలే రక్తం చాలని పాదానికి ఆ కొద్ది గంటలు మరింత కరువు. యంత్రం మీద ఉండగా కాళ్లు పీకుతున్నవని చెప్పే రోగుల మాటను కేవలం నరాల బలహీనతగా తీసివేయరాదు.

వివిధ దేశాలలోని 29,000కు పైగా డయాలిసిస్ రోగులను పరిశీలించి 2006లో ప్రకటించిన ఒక అధ్యయనంలో సుమారు ప్రతి నలుగురిలో ఒకరికి పరిధీయ ధమనుల వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ వ్యాధి ఉన్నవారి జీవన నాణ్యత లేనివారి కంటే తక్కువగా ఉన్నట్లు కూడా అదే అధ్యయనం తెలిపింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో వలె మధుమేహం లేకుండానే మూత్రపిండాలు చెడినవారు సైతం తమకు ఈ బెడద లేదని భావించరాదు. భాస్వరం, కాల్షియం చేసే హాని వారికీ వర్తిస్తుంది.

వ్యాధి దాగి ఉండే విధం

ఈ వ్యాధిలో అన్నిటికంటె ప్రమాదకరమైన విషయం అది దాగి ఉండడమే. నడక నొప్పి తెలియాలంటే మనిషి నడవాలి. రక్తహీనతతో, నీరసంతో ఉన్న డయాలిసిస్ రోగి ఇంటి నుండి ఆటోకు, ఆటో నుండి ఆస్పత్రి మంచానికి మాత్రమే కదులుతాడు. నొప్పి పుట్టే దూరం వరకు అతడు నడువనే నడువడు. మధుమేహం వలన పాదాలు మొద్దుబారిన వారికి గాయమైనా తెలియదు. కావున చాలమందికి తొలి లక్షణం కనిపించదు. నల్లబడిన వేలితోనే వ్యాధి ప్రత్యక్షమవుతుంది.

పరీక్షలో కూడా ఒక మోసం ఉన్నది. సాధారణంగా చీలమండ దగ్గర రక్తపుపోటును చేతి రక్తపుపోటుతో భాగించి ఒక నిష్పత్తిని కడతారు. ఉదాహరణకు చేతిలో 150, చీలమండ దగ్గర 105 ఉంటే నిష్పత్తి 0.70. ఇది 0.90 లేక అంతకు తక్కువ ఉంటే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. డయాలిసిస్ రోగిలో ధమని గట్టిపడి ఉండడం వలన పట్టీ ఎంత బిగించినా అది నొక్కుకొనదు. అప్పుడు చీలమండ దగ్గర 220 చూపవచ్చును. నిష్పత్తి 1.47 అవుతుంది. 1.40 దాటిన అంకె ఆరోగ్యానికి గుర్తు కాదు, గట్టిపడిన ధమనికి గుర్తు. కొందరిలో రెండు దోషాలు కలిసి అంకె సరిగ్గా 1.0 దగ్గర నిలిచి, అంతా బాగున్నదని నమ్మిస్తుంది. ఇటువంటి వారికి బొటనవ్రేలి దగ్గర రక్తపుపోటును కొలవడం మేలు. వేలిలోని సన్నని నాళాలు అంతగా గట్టిపడవు. అక్కడి నిష్పత్తి 0.70 లేక అంతకు తక్కువైతే జాగ్రత్తపడవలెను. ఫిస్చులా ఉన్న చేతికి రక్తపుపోటు పట్టీ కట్టరాదనే నియమం ఈ పరీక్షకు కూడా వర్తిస్తుంది. రెండవ చేతినే ఉపయోగించవలెను.

జీవన నాణ్యత

ఆరోగ్యమనగా వ్యాధి లేకపోవడం మాత్రమే కాదనీ, శారీరక, మానసిక, సామాజిక క్షేమమనీ 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం పేర్కొన్నది. మూత్రపిండాల రోగుల జీవన నాణ్యతను కొలవడానికి 1994లో అమెరికా పరిశోధకులు ఒక ప్రశ్నావళిని రూపొందించారు. మెట్లు ఎక్కగలుగుతున్నారా, నొప్పి పనికి అడ్డు వస్తున్నదా, నిద్ర పడుతున్నదా, కుటుంబానికి భారమైనామని అనిపిస్తున్నదా మొదలైన విషయాలను అది విచారిస్తుంది.

ఈ ప్రశ్నలలో కాళ్లకు సంబంధించనివి ఎన్ని ఉన్నవో ఆలోచించండి. నడక తగ్గితే కండరం కరుగుతుంది. కండరం కరిగితే నడక మరింత తగ్గుతుంది. బయటికి వెళ్లడం మానిన మనిషికి స్నేహితుల రాకపోకలు తగ్గుతాయి. నిన్నటివరకు ఇంటికి పెద్దదిక్కుగా ఉన్నవాడు స్నానానికి కూడా కొడుకును పిలువవలసి వస్తుంది. ఏళ్ల తరబడి సజ్దా చేసిన వ్యక్తి కుర్చీకి పరిమితమవుతాడు. కూర్చొని చేసిన నమాజు కూడా నమాజే. వ్యాధిగ్రస్తునికి మతం ఆ వెసులుబాటు ఇచ్చింది. అయినా పాదాలు ఉండి కూర్చోవడం వేరు, పాదాలు పోగొట్టుకొని కూర్చోవడం వేరు. ఇక కాలు తొలగించవలసి వస్తే, డయాలిసిస్ రోగి ఆ శస్త్రచికిత్స నుండి కోలుకోవడం ఇతరుల కంటె చాల కష్టం. ప్రాణాపాయం కూడా అధికమే. కావున పాదాన్ని కాపాడడం ప్రాణాన్ని కాపాడడంలో భాగమని గ్రహించవలెను.

చికిత్స

మూసుకొన్న ధమనిని లోపలినుండి తెరిచే ఆంజియోప్లాస్టీ పద్ధతి మొట్టమొదట గుండెకు గాక కాలికే ప్రయోగింపబడినదని చాలమందికి తెలియదు. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో చార్లెస్ డాటర్ వద్దకు 82 ఏళ్ల వృద్ధురాలు వచ్చింది. ఆమె కాలివేళ్లు కుళ్లిపోతున్నవి. కాలు తీసివేయవలెనని వైద్యులు చెప్పగా ఆమె నిరాకరించింది. డాటర్ ఆమె తొడ ధమనిలోకి సన్నని తీగను, దాని మీదుగా గొట్టాలను పంపి ఇరుకును వెడల్పు చేశాడు. పాదం వెచ్చబడింది. ఆమె తన రెండు కాళ్ల మీదనే మరి రెండేళ్లకు పైగా జీవించింది. నేడు తీగ చివర బుడగను అమర్చి ఈ పని చేస్తున్నారు. అవసరమైనచోట శరీరంలోని మరొక నాళాన్ని తెచ్చి ప్రక్కదారి కల్పిస్తారు. అయితే గట్టిపడిన ధమనులున్న డయాలిసిస్ రోగులలో ఈ చికిత్సలు కష్టతరమైనవి. తెరిచిన దారి మళ్లీ మూసుకొనే అవకాశం ఎక్కువ. కావున ముందు జాగ్రత్తకే ప్రాముఖ్యం.

బీడీ, సిగరెట్టు పూర్తిగా మానవలెను. ఇందులో రాజీకి తావు లేదు. చక్కెర, రక్తపుపోటు అదుపులో ఉండవలెను. భాస్వరాన్ని కట్టివేసే మాత్రలను భోజనంతో పాటే వేసుకొనవలెను. భోజనమైన రెండు గంటలకు వేసుకొన్న మాత్ర అంతగా ప్రయోజనం ఇవ్వదు. కొవ్వును తగ్గించే మందులు, రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందులు ఎవరికి అవసరమో వైద్యుడే నిర్ణయించవలెను.

నడక – సులభమైన ఔషధం

ఇటలీలో 296 మంది డయాలిసిస్ రోగులపై జరిపి 2017లో ప్రకటించిన ఒక పరిశోధన ఇక్కడ పేర్కొనదగినది. ఖరీదైన యంత్రాలు లేకుండా, ఆరు నెలలపాటు ఇంటి దగ్గరనే క్రమపద్ధతిలో నడవడం ఒక బృందానికి నేర్పారు. ఆరు నిమిషాలలో వారు నడువగల దూరం సగటున 328 మీటర్ల నుండి 367 మీటర్లకు పెరిగింది. రెండవ బృందంలో చెప్పుకోదగిన మార్పు లేదు. ముప్పై తొమ్మిది మీటర్లు స్వల్పమని మనకు అనిపించవచ్చును. వీధి మలుపు వరకు వెళ్లలేని మనిషికి అది వీధి మలుపు దాటిన దూరం. నడక నొప్పి ఉన్నవారు నొప్పి వచ్చేవరకు నడిచి, ఆగి, తగ్గిన తరువాత మళ్లీ నడవడం మంచిది. ఈ అభ్యాసం వలన కండరాలు ఉన్న రక్తాన్నే పొదుపుగా వాడుకొనడం నేర్చుకొంటాయి. అయితే పాదంలో గాయం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే దీనిని ఆరంభించరాదు.

ఇంట్లో పాదాల రక్షణ

డయాలిసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఆస్పత్రి మంచం మీద కాళ్లు చాపుకొని ఉంటాడు. ఆ సమయంలో నర్సు దుప్పటి తొలగించి ఐదు నిమిషాలు పాదాలు చూస్తే చాలు, ఎన్నో కాళ్లు దక్కుతాయి. ఆస్పత్రిలో ఎవరూ చూడకపోతే, చూడమని అడిగే హక్కు రోగికి ఉన్నది.

ఇంట్లో ఈ పని మనదే. మన సంప్రదాయంలోనే ఇందుకు మంచి అవకాశం ఉన్నది. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు రోజుకు ఐదుమార్లు పాదాలు కడుగుతాము, వేళ్ల సందులను చేతివేళ్లతో శుభ్రం చేస్తాము. ఇతర కుటుంబాలలోను బయటినుండి వచ్చి కాళ్లు కడుగుకొనే ఆచారం ఉన్నది. కడిగే ఆ చేతికి చూసే కన్ను కూడా తోడైతే అదే పాదపరీక్ష. కడిగిన తరువాత వేళ్ల సందులను మెత్తని గుడ్డతో తడి లేకుండా తుడువవలెను. తడి నిలిచిన చోట చర్మం పాచి, పగిలి, చీము పడుతుంది. నీరు వేడిగా ఉంటే ముందు మోచేతితో చూసుకొనవలెను. మొద్దుబారిన పాదానికి వేడి తెలియదు. కాళ్లు చల్లగా ఉన్నవని వేడినీటి సీసాతో, ఇసుక మూటతో కాపడం పెట్టడం మిక్కిలి ప్రమాదకరం.

మూత్రపిండాల రోగుల చర్మం పొడిబారి దురద పెడుతుంది. గోకినచోట పుండ్లు పడుతాయి. పాదాలకు, పిక్కలకు కొబ్బరినూనె రాయవచ్చును. వేళ్ల సందులలో మాత్రం రాయరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. గోళ్లను లోతుగా తీయరాదు. మండువేసవిలో మసీదు ఆవరణలోని బండల మీద, గుడి మెట్ల మీద వట్టికాళ్లతో నడిచి పాదాలు బొబ్బలెక్కినవారు ఉన్నారు. ఆ వేళలో మేజోళ్లు తొడుగుకొనడం మంచిది. చెప్పులు వేసుకొనేముందు లోపల రాయి, మేకు ఉన్నదేమో తడిమి చూడవలెను.

ఒక పాదం రెండవదాని కంటె చల్లగా ఉండడం, చర్మం పాలిపోవడం లేక నీలిబడడం, రాత్రివేళ పాదం నొప్పి, కొద్దిరోజులలో మానని పుండు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తరువాతి డయాలిసిస్ రోజు వరకు ఆగక వైద్యునికి చూపవలెను.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! డయాలిసిస్ యంత్రాన్ని నడపడం మన చేతిలో లేదు. ఖరీదైన శస్త్రచికిత్సలు చేయించడం అందరికీ సాధ్యం కాదు. కాని మన ఇంట్లో తాతగారి పాదాలను, నానీ పాదాలను ప్రతి సాయంకాలం వెలుతురులోకి తెచ్చి చూడడానికి డబ్బు అవసరం లేదు, డిగ్రీ అవసరం లేదు. వయసు మళ్లినవారికి తమ మడమను తామే చూసుకొనడానికి నడుము వంగదు, చూపు ఆనదు. ఆ కళ్లు మనవి కావలెను. పెద్దల పాదాలకు సేవ చేయడం పుణ్యమని మన రెండు భాషలవారూ నమ్ముతారు. డయాలిసిస్ రోగి ఉన్న ఇంట్లో ఆ సేవ వైద్యం కూడా అవుతుంది. యంత్రం అతనికి మరికొన్ని సంవత్సరాలను ఇచ్చింది. ఆ సంవత్సరాలలో అతడు తన ఇంటి గడప తానే దాటగలిగేటట్లు చూడడం మన బాధ్యత.